పాత పడవ మోటారులో పెట్రోలు దారి: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. మూలన పడి ఉన్న పాత అవుట్‌బోర్డ్ మోటారును మళ్లీ నీళ్లలోకి దించాలని పట్టుబట్టారట, చాలా సంతోషం. తాడు లాగితే కాస్త దగ్గి ఆగిపోతోందని, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ స్క్రూలన్నీ అటూ ఇటూ తిప్పి చూశామని రాశారు. ఇక వాటి జోలికి పోకండి. అవి అన్నిటికంటే ఆఖర్న ముట్టుకోవాల్సినవి. ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోందా, సిలిండర్లో కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కే ఒత్తిడి, ఉందా అని ముందు చూసుకోండి. ఆ రెండూ బాగుంటే, ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పెట్రోలు ఏ దారిన సిలిండర్ దాకా వెళ్తుందో ఒక్కో మజిలీ చూసుకుంటూ రండి.

ఇది టూ స్ట్రోక్ ఇంజను. కారులోలాగా దీనికి వేరే ఆయిల్ సంపు (ఆయిల్ నిలవుండే తొట్టి) ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలి బేరింగులనూ పిస్టన్‌నూ తడుపుతుంది. అంటే పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే. పైగా గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమం ఇంజనును మామూలు కంటే ఎక్కువ వేడెక్కిస్తుంది. వేడి పెరిగి, జిడ్డు తగ్గితే పిస్టన్ సిలిండర్లో పట్టేస్తుంది. మోటారు స్టార్ట్ కాకపోవడం చిన్న చిరాకే. అరకొర పెట్రోలుతో ఫుల్ స్పీడులో పరుగెత్తడమే అసలు ప్రమాదం.

ఏం మార్చాలి, ఏం ఉంచాలి అంటే నా లెక్క ఒక్కటే. లోహం ఉంచండి, మెత్తటివన్నీ మార్చండి. పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి జెట్లు, కార్బురేటర్ బాడీ ఎంత పాతవైనా శుభ్రం చేస్తే చాలావరకు పనికొస్తాయి. రబ్బరు పైపులు, గాస్కెట్లు (అతుకుల మధ్య పెట్టే పట్టీలు), డయాఫ్రమ్ (పంపులో ఆడే పల్చటి పొర), కార్క్ ఫ్లోట్ (కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే బెండు) మాత్రం చూడ్డానికి బాగున్నా నమ్మొద్దు. ఇప్పటి పెట్రోలులో చాలాచోట్ల 10 నుంచి 20 శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుస్తోంది. ఆ మోటారు తయారైన రోజుల్లో ఆ రబ్బరును దీన్ని తట్టుకునేలా చెయ్యలేదు. పైపు లోపలి పొర మెత్తబడి ఊడి, ముక్కలు ముక్కలుగా వెళ్లి జెట్లలో ఇరుక్కుంటుంది. పైకి పైపు నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది! ఇక ఆ కార్క్ ఫ్లోట్ల మీద లక్క పూత ఉండేది. లక్కను ఆల్కహాల్ కరిగిస్తుందని చెక్కకు పాలిష్ పట్టేవాళ్లను అడిగితే చెప్తారు. పూత పోయిన కార్క్ పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది. ఫ్లోట్ మునిగితే పెట్రోలు వచ్చే దారిని ఆపే సూది (నీడిల్) మూసుకోదు, కార్బురేటర్ పొంగిపోతుంది. కొత్త ఫ్లోట్ దొరికితే వేసెయ్యండి. దొరక్కపోతే పాతదాన్ని పూర్తిగా ఆరబెట్టి, ఇథనాల్‌ను తట్టుకునే పూత వెయ్యండి.

ట్యాంకు సంగతి వేరు. మీ ట్యాంకు నుంచి మోటారుకు జంట పైపు వెళ్తోందని ఫొటోలో చూశాను. అది ప్రెషర్ ట్యాంకు. 1950ల్లో జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చాలావాటికి ఇదే ఏర్పాటు. 1960 ప్రాంతంలో పెట్రోలు పంపులు వచ్చాక ఇది మూలపడింది. ఇందులో మోటారు క్రాంక్‌కేస్ (పిస్టన్ కింద ఉండే మూసిన గది) లోంచి వచ్చే ఒత్తిడి ఒక పైపు గుండా ట్యాంకులోకి వెళ్లి గాలి నింపుతుంది. ఆ గాలి పెట్రోలును నొక్కి రెండో పైపు గుండా మోటారుకు పంపుతుంది. ఆలోచన తెలివైనదే. కానీ చదరపు అంగుళానికి 4–5 పౌండ్ల ఒత్తిడిలో ఉన్న పెట్రోలు ట్యాంకు మీ కాళ్ల పక్కనే ఉంటుందన్నమాట. మూత గాస్కెట్ పాడైతే మోటారుకు పెట్రోలు అందదు. పైపు పగిలితే మాత్రం పెట్రోలు కారదు, చిమ్ముతుంది. ఒత్తిడి వదలకుండా మూత తీసినా అంతే, మొహం మీదికి వస్తుంది. పక్కన వేడి ఇంజను ఉందని మరవకండి. పాతదాన్ని పాతగానే ఉంచాలని కొందరు పట్టుబడతారు, ప్రదర్శనకు పెట్టే మోటారైతే నేనూ కాదనను. పిల్లలు ఎక్కే పడవకైతే మాత్రం మార్చాల్సిందే.

మార్చడమంటే ఒక డయాఫ్రమ్ పంపు బిగించి, ఒంటి పైపు ట్యాంకు పెట్టడం. ఈ పంపుకు కరెంటు అక్కర్లేదు. పిస్టన్ పైకీ కిందికీ కదిలేటప్పుడు క్రాంక్‌కేస్‌లో ఒకసారి పీల్పు, ఒకసారి ఒత్తిడి పుడతాయి. ఆ ఊపుకు పంపులోని పల్చటి పొర కొలిమి తిత్తిలా ఆడుతుంది. రెండు చిన్న వాల్వులు పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా ముందుకే తోస్తాయి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్రెషర్ ట్యాంకు మోటారు లోపల, ఒత్తిడిని మాత్రమే బయటికి వదిలి పీల్పును ఆపేసే చెక్ వాల్వులు ఉంటాయి. వాటిని అలాగే ఉంచి పంపు బిగిస్తే, పొర ఒక వైపుకు ఉబ్బి అక్కడే నిలబడిపోతుంది, పంపు పని చెయ్యదు. పంపుకు వెళ్లే దారిలోని ఆ వాల్వును తీసెయ్యాలి. ఇంకో మాట. మీది రెండు సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి పేలే మోటారు కాబట్టి, వాటి క్రాంక్‌కేసులు వేరువేరు, ఊపులు ఎదురెదురు. రెండిటినీ ఒకే పైపులో కలిపితే ఒకటి తోసేటప్పుడు ఇంకొకటి పీలుస్తుంది, మిగిలేది సున్నా. ఒక్క సిలిండర్ నుంచే ఊపు తీసుకుని రెండో రంధ్రం గట్టిగా మూసెయ్యండి.

కొత్త ట్యాంకుకు మూత మీద గాలి రంధ్రం ఉంటుంది. నడిపేటప్పుడు అది తెరిచి ఉండాలి. కాసేపు బ్రహ్మాండంగా నడిచి ఆగిపోయి, మూత వదులు చెయ్యగానే మళ్లీ స్టార్ట్ అయితే దోషం ఈ రంధ్రానిదే. పైపు మధ్య చేత్తో నొక్కే రబ్బరు బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు చూడాలి. పంపుకు ముందున్న పైపులో పగులుంటే పెట్రోలు బయటికి కారకపోవచ్చు. ఎందుకంటే అక్కడ పీల్పు ఉంటుంది, బయటి గాలే లోపలికి దూరుతుంది. చుక్క కారలేదు కదా అని ధైర్యపడకండి.

ఇక కార్బురేటర్. పూర్తిగా విప్పి, క్లీనర్ పోసి, ప్రతి సన్నటి దారిలోనూ గాలి కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ క్లీనర్ ఎక్కడినుంచి ఎగిరి వస్తుందో చెప్పలేం. జెట్టులో డ్రిల్ బిట్టు, ఉక్కు తీగ దూర్చవద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా కొలత పోతుంది. ఫ్లోట్ అమర్చాక కార్బురేటర్‌ను తలకిందులు చేసి పట్టుకుంటే, చాలా మోడళ్లలో ఫ్లోట్ పై అంచు బాడీ అంచుకు సమానంగా ఉండాలి. ఫ్లోట్ కదిలించే నీడిల్, అది కూర్చునే సీటు రెండూ కలిపే మార్చండి. కొత్త సూది పాత సీటులో సరిగ్గా కూర్చోదు.

ఆయిల్ పాళ్ల విషయంలో డబ్బా మీద కాదు, మోటారు పుస్తకంలో ఏముందో చూడండి. ఆ కాలం మోటార్లలో చాలావాటికి 24కు 1, అంటే 10 లీటర్ల పెట్రోలుకు సుమారు 420 మిల్లీలీటర్లు. తర్వాత వచ్చినవాటికి 50కి 1, అంటే 200 మిల్లీలీటర్లు. ఆయిల్ బాగుపడింది కదా అని పాతవాటికి 50కి 1 పొయ్యొద్దు. ఆ బేరింగుల తీరే వేరు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. అది నీటితో చల్లబడే టూ స్ట్రోక్ మోటార్ల కోసం చేసినది.

పెట్రోలు పని ఎప్పుడూ ఆరుబయటే. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న మంటను కూడా వెతుక్కుంటుంది. ట్యాంకు నింపేటప్పుడు పడవలోంచి దించి నేల మీద పెట్టండి.

అన్నీ బిగించాక మోటారు కింది భాగాన్ని నీళ్ల పీపాలో ముంచి స్టార్ట్ చెయ్యండి. నీళ్లు లేకుండా నడిపితే వాటర్ పంపు రబ్బరు నిమిషాల్లో మాడిపోతుంది. అప్పుడు మీకిష్టమైన స్క్రూల సంగతి. తక్కువ స్పీడు నీడిల్‌ను (తక్కువ వేగంలో పెట్రోలును సర్దే స్క్రూ) వేళ్లతో మెల్లగా పూర్తిగా మూసి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు తెరవండి. బిగించి మూస్తే దాని మొనకు గాడి పడుతుంది. మోటారు బాగా వేడెక్కాక ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, కాసేపు ఆగి వినండి. కార్బురేటర్‌లోంచి టప్ మని వెనక్కి కొడితే పెట్రోలు చాలట్లేదు, కాస్త తెరవండి. పొగతో ముక్కుతూ నడిస్తే ఎక్కువైంది, కాస్త మూయండి. అనుమానంగా ఉంటే కాస్త ఎక్కువ వైపే ఉంచండి. ప్లగ్గు నల్లబడితే తుడుచుకోవచ్చు, పిస్టన్ పట్టేస్తే మాత్రం మోటారంతా విప్పాలి.

పంపు బిగించే ముందు ఆ చెక్ వాల్వుల ఫొటో ఒకటి తీసి పంపండి, చూసి చెప్తాను.

మీ
తాతయ్య