కొండమీద పుట్టని జాడీ

ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవి కొండల్లో ఉండే ఇఫుగావ్ ప్రజల ఇళ్లలో బియ్యపు కల్లు జాడీ ఒకటి పోతే దాని స్థానంలో మరొకటి రాదు. ఎందుకంటే ఆ జాడీలు అక్కడ తయారైనవి కావు.

ఉత్తర లుజాన్ కొండల్లో చేసే కుండలు తక్కువ వేడిలో కాలతాయి. వాటిలో నీరు ఊరుతుంది, గాలి ఆడుతుంది. వంటకు అవి చాలు, కల్లుకు చాలవు. దాదాపు 1,200 డిగ్రీల్లో కాలి, గాజుపూత పట్టిన జాడీలు దక్షిణ చైనా నుంచి, బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి ఓడలెక్కి వచ్చాయి. పల్లపు ఊళ్లలో చేతులు మారి, మనుషుల భుజాల మీద కొండెక్కాయి. ఫిలిప్పీన్స్ దీవులకు చైనా పింగాణీ వస్తోందని 1225 నాటికే చైనా అధికారి ఝావో రుగువా రాశాడు. 1594లో ఒక జపాన్ వర్తకుడు లుజాన్ జాడీలను తమ పాలకుడు హిదెయోషికి సమర్పించాడు. తేయాకు దాచడానికి వాటికి అక్కడ విపరీతమైన గిరాకీ. అంటే ఈ జాడీలను బయటివాళ్లు ఎగబడి కొనడం నిన్నమొన్నటి సంగతి కాదు.

జాడీ పని తెలియాలంటే 'బయా' అనే ఈ బియ్యపు కల్లు తయారీ చూడాలి. జిగట బియ్యాన్ని ముందు ఎర్రగా వేయిస్తారు, రంగూ వాసనా అందులోంచే వస్తాయి. పొడిపొడిగా వండి, చాటలో పరిచి ఆరబెట్టి, 'బుబుద్' అనే తోడుబిళ్లను పొడిచేసి చల్లుతారు. అన్నం వేడిగా ఉండగా చల్లితే తోడు చచ్చిపోతుంది. మరీ చల్లారాక చల్లితే పులుపు ఆలస్యమై బూజు ముందు పడుతుంది. అరిటాకుల్లో చుట్టిన అన్నం రసం వదలడం మొదలుపెట్టాక జాడీలోకి ఎత్తి, మూతి బిగించి, వారాల తరబడి కదపరు. ఇరుకు మెడ గాలిని అడ్డుకుంటుంది. భుజం మీది చెవుల్లోంచి తాడు దూర్చి ఆకుమూత బిగిస్తారు. మందపు గోడ వేడిని నిలకడగా ఉంచుతుంది. సన్నని పగులు నుంచి గాలి జొరబడ్డా కల్లు కాస్తా సిర్కా అయిపోతుంది. పూత నిలిచిన జాడీని మరిగే నీళ్లతో కడిగితే పాత వాసన మిగలదు. ప్లాస్టిక్ డబ్బా గీతల్లో మాత్రం పులుపు దాక్కుని తర్వాతి కల్లును చెడగొడుతుంది.

కోతకైనా పెళ్లికైనా చావుకైనా 'ముంబాకి' అనే పూజారి పూర్వీకులను పేరుపేరునా పిలిచి ముందు పోసేది ఈ కల్లే. అందుకే జాడీ కడంగ్యాన్ అనే సంపన్న కుటుంబాల్లో గాంగులు, పూసలతోపాటు తరాలు మారే ఆస్తి. యునెస్కో 1995లో మెట్ల పొలాలను, 2001లో ఇఫుగావ్‌ల హుద్‌హుద్ పాటలను గుర్తించింది. జాడీని విడిగా గుర్తించలేదు. ప్రాచీన వస్తువులు అనుమతి లేకుండా దేశం దాటకూడదని 1966 నుంచీ చట్టం ఉంది, 2010లో మరింత గట్టి చట్టం వచ్చింది. ఆ చట్టాలు కాపలా కాసేది రేవులో. జాడీ కొండ దిగేది ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో అమ్ముడుపోయిన రోజున.