వాలీబాల్ కోర్టు మీద పైకప్పు వేయిస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

స్కూళ్ళకీ పంచాయతీలకీ షెడ్లు డిజైన్ చేసే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. తెలంగాణలో 2022లో క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి కదా, అలాంటి గ్రౌండ్లున్న ఊళ్ళ నుంచి ఎక్కువగా వినే మాట ఒకటే, "సార్, తక్కువలో ఒక కప్పు వేయించండి, ఎండకి పిల్లలు ఆడలేకపోతున్నారు". అడగడంలో న్యాయం ఉంది. కానీ ఆ ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అన్నదాంట్లోనే అపోహలన్నీ ఉన్నాయి.

అపోహ: రేకులే కదా, బరువేముంటుంది, చిన్న గుంత తీసి పైపులు పాతితే చాలు

బరువు లేకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. రేకు చదరపు మీటరుకి ఐదు కిలోలు, రేకుల్ని మోసే అడ్డ కడ్డీలు (పర్లిన్లు), వాటిని మోసే స్టీల్ చట్రాలు (ట్రస్‌లు) కలిపినా 15-20 కిలోలు. మరి గాలి? గాలి లెక్కలకి మన దేశం కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్‌కి తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖ, నెల్లూరుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద ఒత్తిడి 150 కిలోల దాకా వస్తుంది. కప్పు ఆకారాన్ని బట్టి, ఎత్తుని బట్టి అందులో కొంతే పనిచేసినా కప్పు సొంత బరువుకి అది ఎన్నో రెట్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో ఎయిర్‌పోర్టు కప్పే దెబ్బతింది, ఇక మన షెడ్డు ఎంత.

లెక్క చూడండి. వాలీబాల్ కోర్టు 18 బై 9, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24 బై 15. పొడవు వైపులా ఆరు మీటర్లకో కాలమ్ పెడితే మధ్య కాలమ్ మోసే కప్పు వాటా 45 చదరపు మీటర్లు, గాలి చదరపు మీటరుకి 100 కిలోల చొప్పున పైకి లాగిందనుకుంటే నాలుగున్నర టన్నులు, అందులో కప్పు బరువు ఆపేది టన్ను కూడా ఉండదు, మిగతాదంతా ఫుటింగూ (కాలమ్ కింద పోసే కాంక్రీట్ పునాది) దాని మీది మట్టీ ఆపాల్సిందే. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంతలో పట్టే కాంక్రీట్ బరువు 800 కిలోలు. ఇంక చెప్పేదేముంది. రేకులు ముందు లేచేది మూలల దగ్గర, అంచుల దగ్గర, కాబట్టి స్క్రూలు అక్కడ దగ్గరదగ్గరగా కొట్టించండి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో కనిపించను కూడా కనిపించదు.

అపోహ: చుట్టూ ఓపెనే, గాలి అలా వెళ్ళిపోతుంది

వెళ్ళదు. కింద నుంచి తోస్తుంది, పైన నుంచి లాగుతుంది, రెండూ ఒకేసారి. అందుకే నాలుగు వైపులా గోడలున్న గోడౌన్ డ్రాయింగ్ తెచ్చి గోడలు తీసేసి కట్టేయడం తప్పు, ఓపెన్ కప్పులకి కోడ్‌లో వేరే లెక్కలున్నాయి. తర్వాత స్టేజీ కోసం ఒకవైపు గోడ లేపడం, కాలమ్‌ల మధ్య పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టడం ఇంకా ప్రమాదం, గాలికి దారి మూసుకుపోయి మొత్తం కప్పు మీదకి తిరుగుతుంది. గోడ కావాలంటే ముందే చెప్పండి, దానికి తగ్గట్టే డిజైన్ చేస్తాం.

అపోహ: కప్పు పడితే నీడ వచ్చేసినట్టే

దీని గురించి ఎవరూ ఆలోచించరు, నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఇదే. కళ్ళలో ఎండ పడకుండా కోర్టు ఉత్తర-దక్షిణంగా వేస్తాం, అప్పుడు పొడవు వైపు పడమరకి వస్తుంది. ఆటకి ఏడు మీటర్ల ఎత్తు వదలాలి. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అంటే ఏడు మీటర్ల చూరు కింద నుంచి ఎండ 12 మీటర్లు లోపలికి వస్తుంది. వెడల్పే 15! పిల్లలు ఆడేది సరిగ్గా ఆ టైమ్‌కే. అందుకే పడమటి వైపు వేప, కానుగ మొక్కలు కప్పు కంటే ముందే నాటించమంటాను. షేడ్ నెట్ నిలువుగా కట్టుకోవచ్చు, కాకపోతే గాలివాన సూచన ఉంటే విప్పేసేలా ఉండాలి.

ఇంకోటి, మెరిసే గాల్వాల్యూమ్ రేకు (అల్యూమినియం-జింక్ పూత వేసిన స్టీల్ రేకు) ఎండని తిప్పికొడుతుంది గానీ ఎక్కిన వేడిని త్వరగా వదలదు, తెల్ల పెయింట్ రెండూ చేస్తుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందీ ఇలాంటి కప్పుల కోసమే. కొప్పు దగ్గర, అంటే కప్పు అన్నిటికంటే ఎత్తుగా ఉండే చోట, వేడిగాలి పోయే సందు వదలండి. సిమెంట్ ఆస్బెస్టాస్ రేకులు మాత్రం పిల్లలాడే చోట వద్దే వద్దు.

అపోహ: వెదురంటే నాలుగు రోజుల పందిరి

థాయ్‌లాండ్ చియాంగ్ మాయ్‌లో పన్యాదెన్ స్కూల్ స్పోర్ట్స్ హాల్ 2017లో వెదురుతో కట్టారు, 782 చదరపు మీటర్లు, 17 మీటర్లు దాటిన స్పాన్, అంటే మధ్యలో స్తంభం లేని వెడల్పు. మన కోర్టు 15. కాకపోతే బోరాక్స్, బోరిక్ యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయాలి, వెదురు మొదలు నేలకి తగలకూడదు, చూరు బాగా ముందుకి ఉండాలి, అన్నిటికన్నా ముందు పని తెలిసిన మనుషులు దొరకాలి. దొరకని చోట నా ఓటు బోల్టులతో బిగించే స్టీల్ ట్రస్‌కే, రేపు విప్పి ఇంకోచోట పెట్టుకోవచ్చు.

అపోహ: గటర్ తర్వాత చూసుకుందాం

360 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల లీటర్లు. చూరు నీళ్ళని పట్టే గటర్ లేకపోతే అదంతా కాలమ్‌ల పక్కనే పడి, ఫుటింగ్ మీద ఉండాల్సిన మట్టినే కోసేస్తుంది. ఇంకుడు గుంత తవ్వించండి, కానీ ఫుటింగ్‌కి దూరంగా. సోలార్ కూడా అంతే, పలకలకి చదరపు మీటరుకి 12-15 కిలోలు పడతాయి, పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి.

డబ్బు ఒకేసారి లేకపోతే రేకు మందం, ఫుటింగ్ సైజు కోయకండి. ఈ ఏడాది ఫుటింగ్‌లు పోయించి, పడమర చెట్లు నాటించి, కప్పు వచ్చే ఏడాది ఎక్కించండి. ఈలోపు కాలమ్‌ని బిగించడానికి ఫుటింగ్‌లోంచి బయటకి ఉన్న యాంకర్ బోల్టులకి గ్రీజు పూసి, పైన పీవీసీ పైపు ముక్కలు తొడిగి మూతి బిగించి ఉంచండి, తుప్పూ పట్టదు, ఆడుకునే పిల్లల కాళ్ళకీ తగలదు.