పిల్లికి ఆకలి, కుక్కకు అరుపు: తెలివి పరీక్షల వెనక కథ

మా మేనత్తది దేవరకొండ దగ్గర ఓ ఊరు. మామకు గొర్లున్నాయి, మందకు కాపలాగా ఒక కుక్క ఉంది. అత్తకు పిల్లి ఉంది. ఈ రెంటిలో ఏది తెలివైనదనే పంచాయితీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో నడుస్తూనే ఉంది. "తోడేలొస్తే నీ పిల్లి ఆపుతదా?" అని మామ. అత్త తగ్గదు. "గా కుక్కకేం తెలివిరా, పిలిస్తె ఉరికొస్తది. నా పిల్లిని పిలువు, సూద్దాం. దానికి బుద్ధి పుడితెనే వస్తది. గదీ తెలివంటె."

ఇంట్లోకి స్మార్ట్‌ఫోన్ వచ్చాక గొడవ ముదిరింది. కుక్క మెదడులో పిల్లికన్నా రెట్టింపు కణాలున్నాయని చెప్పే వీడియో ఒకటి మనవడు చూపించాడు. కోర్టులో కేసు గెలిచినట్టు మామ మీసం దువ్వాడు.

వీడియోలో చెప్పింది అబద్ధమేం కాదు. కానీ ఆ లెక్క దాకా రావడానికి వెనక నూట ఇరవై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథ పొడుగునా పిల్లికీ కుక్కకీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

అసలు రెంటికీ మన దగ్గర కొలువు దొరికిన తీరే వేరు. జర్మనీలో బాన్ దగ్గర ఒబర్‌కాసెల్‌లో 1914లో ఒక సమాధి బయటపడింది. ఒక మగ, ఒక ఆడ మనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు. సుమారు 14 వేల ఏళ్ల నాటివి. అంటే మనిషి నాగలి పట్టకముందే కుక్క మనకు సొంత మనిషైపోయింది. పిల్లి సంగతి తర్వాత. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాలు దొరికిందని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా అడవిపిల్లులు లేవు కాబట్టి ఎవరో పడవలో తెచ్చుకున్నారన్నమాట. ధాన్యం నిలవచేసిన చోటికి ఎలుక వచ్చింది, ఎలుక వెంట పిల్లి వచ్చింది. దాన్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదు. అది వచ్చి తన పని తాను చూసుకుంటే మనం వద్దనలేదు, అంతే.

మన దగ్గరా అదే వరస. మందలు కట్టడం ఈ నేలకు కొత్త కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి చూసి, అది వేల ఏళ్ల కింద పశువుల దొడ్లలో పేరుకున్న పేడ కాలి మిగిలిన బూడిదని తేల్చారు. గొల్లకురుమల మందకుక్కకు ఇప్పటికీ అదే డ్యూటీ. రాత్రంతా మంద చుట్టూ తిరగాలి, తోడేలో చిరుతో వాసన తగిలితే గొంతు చించుకోవాలి. నల్లమలలో చెంచులు వేటకు కుక్కలను వెంటేసుకునే పోయేవారు. ఇక పిల్లి గుమ్మి దగ్గర. దానికి మన ఆడవాళ్లు పెట్టిన పరీక్ష ఒకటుంది: ఉట్టి. దూలానికి వేలాడే పాల దుత్తను పిల్లి ఎలా అందుకుంటుందో చూడటానికి ఏ విశ్వవిద్యాలయమూ అక్కర్లేదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవనే సామెత ఆ పరీక్షలో పిల్లికి మనం వేసిన మార్కే. పొయ్యి గట్టెక్కి, అక్కణ్నుంచి అటుక మీదికెక్కి, ఉట్టి తాడు పట్టుకుని దిగిన పిల్లుల గురించి మాత్రం సామెత లేదు. ఓడిపోయిన ఆడవాళ్లు సామెతలు కట్టరు కదా.

ఇలాంటి ముచ్చట్లే ఒకప్పుడు శాస్త్రం. డార్విన్ శిష్యుడిలాంటి రోమనెస్ 1882లో జంతువుల తెలివి మీద పుస్తకం వేసినప్పుడు అందులో ఎక్కువ భాగం జనం చెప్పిన ఉదంతాలే. గొళ్లెం తీసుకుని తలుపు తెరిచే పిల్లి కథ కూడా అందులో ఉంది. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గన్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. ఆయన దగ్గర టోనీ అనే టెర్రియర్ కుక్క ఉండేది. అది గేటు గడియ కింద తల పెట్టి ఎత్తి, తలుపు తెరుచుకుని బయటికి పోయేది. చూసినవాళ్లు ఆహా అనుకునేవారు. మోర్గన్ మొదటి నుంచీ చూశాడు కాబట్టి అసలు సంగతి తెలుసు: కుక్క కమ్మీల సందుల్లో అక్కడా ఇక్కడా తల దూరుస్తూ ఉంటే ఒకసారి యాదృచ్ఛికంగా గడియ లేచింది, తర్వాత కొద్దికొద్దిగా అలవాటైంది. చిన్న కారణంతో తేలే పనికి పెద్ద బుద్ధిని అంటగట్టకూడదని ఆయన 1894లో రాసిన సూత్రం ఇప్పటికీ ఈ రంగంలో అందరికీ కంఠతా.

ఇక అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్. టెట్‌కో డీఎస్సీకో చదివిన వాళ్లు మీ ఇంట్లో ఉంటే అడగండి, నిద్రలో లేపినా చెబుతారు: పావ్‌లోవ్ అంటే కుక్క, థార్న్‌డైక్ అంటే పిల్లి, యత్నదోష అభ్యసనం, అంటే తప్పుతూ చేస్తూ నేర్చుకోవడం. నల్గొండలో కోచింగ్‌కు పోయిన మా చెల్లెలు ఆ నాలుగు ముక్కలూ గోడకు అంటించుకుంది. గైడ్లలో లేనిది ఏమిటంటే, థార్న్‌డైక్ కుక్కల్ని కూడా పెట్టెలో పెట్టాడు.

1898లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన వయసు 23. కొయ్య బద్దలతో పెట్టెలు చేయించాడు. లోపల తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. బయట తిండి. ఆకలితో ఉన్న పిల్లిని లోపల వేసి గడియారం చూస్తూ కూర్చునేవాడు. పిల్లి గీకుతుంది, కొరుకుతుంది, సందుల్లో కాలు పెడుతుంది, ఎప్పుడో పొరపాటున తాడు తగులుతుంది. మళ్లీ వేస్తే కాస్త తొందరగా, మళ్లీ వేస్తే ఇంకాస్త తొందరగా. ఠక్కున బుర్ర వెలిగిన జాడ లేదు, సమయం మెల్లగా తగ్గుతూ పోయింది. సుఖమిచ్చిన పని నిలబడుతుంది, బాధ పెట్టింది జారిపోతుంది అన్నాడు. అదే ఫలిత నియమం. (మన తెనాలి రామకృష్ణుడి పిల్లి కథలో రెండో సగం ఇదే. వేడిపాలలో మూతి కాలిన పిల్లి తర్వాత పాల గిన్నె చూస్తేనే పరారు. దానికి అన్నిసార్లు అక్కర్లేకపోయింది, ఒక్కసారికే పాఠం వచ్చేసింది.)

కుక్కలు మూడే. వాటి దగ్గరికొచ్చేసరికి ఆయనకో చిక్కు వచ్చింది. పిల్లుల్ని మాడ్చినట్టు కుక్కల్ని మాడ్చలేకపోయాడు. మాడిస్తే సాయంత్రం పూట ఊళలు పెడతాయి. ఆ మాట ఆయనే రాసుకున్నాడు. ఇంకో తేడా కూడా గమనించాడు. పిల్లి పెట్టె మొత్తం మీద కలబడుతుంది, ఎందుకంటే దానికి బయటపడటం కావాలి. కుక్క తిండి కనిపించే ముందు వైపే తచ్చాడుతుంది, దానికి తిండి కావాలి. పైగా తొందరగా వదిలేస్తుంది. ఒకదానికి ఆకలి నిండుగా, ఒకదానికి సగం. ఒకదాని బాధ జైలు, ఒకదాని బాధ భోజనం. మొదటి రోజు నుంచే ఇది సమానమైన పోటీ కాదు. థార్న్‌డైక్ దాచలేదు, మనమే చదవలేదు.

అంతకన్నా నాకు నచ్చే ముచ్చట 1946 నాటిది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గత్రీ, హార్టన్ అనే ఇద్దరు పెట్టెకు ముందువైపు లోపలిది కనబడేలా గాజు పలక పెట్టి, మధ్యలో ఒక కర్ర పాతారు. కర్ర ఎటు కదిలినా తలుపు తెరుచుకుంటుంది. సుమారు 800 సార్లు పిల్లులు బయటికి రావడం చూశారు, ఫొటోలు తీశారు. ఎక్కువ పిల్లులు కర్రకు ఒళ్లు రాసుకుని బయటపడుతున్నాయి. ప్రతిసారీ అదే భంగిమ, అదే పక్క. చూశారా, జంతువు ఆలోచించదు, చివరిసారి చేసిన కదలికనే యంత్రంలా మళ్లీ చేస్తుందన్నారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు అదే చెప్పాయి.

పొద్దున పాలు పితికి చెంబుతో లోపలికొస్తున్న మా అత్తను ఒక్కసారి చూసినా ఆ ముప్పై ఏళ్లు మిగిలేవి. ఆమె గడప దాటగానే పిల్లి తోక నిటారుగా లేపి, ముందు గడపకు చెంప రుద్దుతుంది, తర్వాత స్తంభానికి పక్క రాసి, తర్వాత అత్త చీర కుచ్చిళ్లకు. "జరుగే, కాళ్లల్ల వడకు" అని ఆమె తిడుతుంది. అది పలకరింపు. మనిషి అందనంత దూరంలో ఉంటే పిల్లి దగ్గరున్న వస్తువుకు రాసుకుంటుంది. 1979లో మూర్, స్టటర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతే పరీక్షించి చూపించారు. కర్ర కదిలినా తలుపు తెరుచుకోకుండా, తిండి ఏమీ ఇవ్వకుండా ఉంచినా సరే, ఎదురుగా మనిషి కనిపిస్తే పిల్లులు కర్రకు ఒళ్లు రాస్తున్నాయి. మనిషి లేకపోతే రాయడం లేదు. అంటే గత్రీ పెట్టెలో పిల్లులు తలుపు తీసే ఉపాయం నేర్చుకోలేదు. గాజు అవతల కూర్చున్న పెద్దమనుషులకు దండం పెట్టాయి.

ఆ తర్వాత ప్రయోగశాలల్లో తెలివి పరీక్షల నుంచి పిల్లి దాదాపు తప్పుకుంది, కుక్క వచ్చి కూర్చుంది. 1994లో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా, కెనడాల్లో విధేయత పోటీల జడ్జీలను అడిగి కుక్క జాతులకు ర్యాంకులు ఇచ్చాడు. బోర్డర్ కోలీ ఫస్టు, అఫ్గాన్ హౌండ్ లాస్టు. ఎంత తొందరగా ఆజ్ఞ నేర్చుకుంటుంది, మొదటిసారికే ఎంత బాగా వింటుంది అన్నదే కొలమానం. బోర్డర్ కోలీది యజమాని ఈల వింటూ గొర్రెల్ని తోలే కొలువు. మా మామ కుక్కది మామ నిద్రపోతున్నప్పుడు చేసే కొలువు. ఆ పోటీలో దాన్ని నిలబెడితే కూర్చోమంటే లేచిపోయేది, గ్యారంటీగా చివరి ర్యాంకే.

2004లో జర్మనీలో రికో అనే బోర్డర్ కోలీ 200కు పైగా వస్తువుల పేర్లు గుర్తుపడుతుందని తేలింది. 2011లో అమెరికాలో చేసర్ అనే ఇంకో కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని ప్రచురించారు. దానికి ఓ రిటైర్డ్ ప్రొఫెసర్ రోజుకు గంటల తరబడి, మూడేళ్లు ట్యూషన్ చెప్పాడు. పిల్లికి అంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. చెప్పినా కూర్చునేదా అంటే, నేనూ కూర్చునేదని పందెం కాయను.

రెంటినీ పక్కపక్కన పెట్టి చేసిన మంచి ప్రయోగం హంగరీలోది. బుడాపెస్ట్‌లో మిక్లోషి బృందం 2005లో ప్రచురించింది. వేలు చూపిస్తే ఆ వైపు గిన్నెలో తిండి ఉందని అర్థం చేసుకోవడంలో పిల్లులు కుక్కలకు తీసిపోలేదు. తర్వాత తిండిని కనబడేలా, కానీ అందకుండా బిగించేశారు. కుక్కలు కాసేపు చూసి యజమాని ముఖం వైపు, తిండి వైపు, మళ్లీ ముఖం వైపు చూడటం మొదలుపెట్టాయి. పిల్లులు అలా చూడటం బాగా తక్కువ, అవి తమ తిప్పలు తామే పడ్డాయి. ఇందులో ఏది తెలివి? సాయం అడగడమా, అడగకపోవడమా? మామ ఒకటంటాడు, అత్త ఒకటంటుంది, ఇద్దరిదీ ఒప్పుకోవాల్సిందే.

ఈ పరీక్షలన్నీ ఇంట్లో పెరిగిన కుక్కల మీదే. మన వీధికుక్క సంగతేమిటని అడిగింది కోల్‌కతా ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ వాళ్లు. 160 ఒంటరి వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి వేలు చూపించారు, ఫలితం 2020లో వచ్చింది. సగానికి సగం దగ్గరికే రాలేదు, భయం. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపిన వైపే వెళ్లాయి. వాటికి ఎవరూ ఏమీ నేర్పలేదు. రాయి తీయడానికి వంగే చేతికీ, బిస్కెట్ వేసే చేతికీ తేడా తెలిస్తేనే బస్టాండ్‌లో బతుకు. నన్నడిగితే కోరెన్ జాబితా కన్నా ఇది పెద్ద పరీక్ష.

ఇక మామ వీడియోలోని లెక్క. 2017లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మాంసాహార జంతువుల మెదడు పైపొరలోని నాడీకణాలు లెక్కపెట్టింది. ముక్కలు కోసి మైక్రోస్కోపులో చూడటం కాదు, చింతపండు పిసికినట్టు మెదడును ద్రావణంలో కలిపి కణాల కేంద్రకాలను లెక్కించే పద్ధతి. కుక్కకు సుమారు 53 కోట్లు, పిల్లికి 25 కోట్లు. మనకు 1,600 కోట్లు. ఇంతవరకు వీడియో చెప్పింది. చెప్పనిదేమిటంటే, ఒక్కో జాతికి ఒకటి రెండు జంతువుల మెదళ్లే చూశారు. ఇంకోటి, పిల్లి మెదడుకన్నా పది రెట్లు పెద్దదైన ఎలుగుబంటి మెదడులోనూ ఆ కణాలు పిల్లి దానిలో ఉన్నన్నే. పొట్ట నింపుకోవడానికి ఏది ఎక్కువ ఆలోచించాలో తెలియకుండా కణాల లెక్కతో ర్యాంకులివ్వడం, బియ్యం బస్తాలు లెక్కపెట్టి వంట రుచి చెప్పినట్టు.

పిల్లి పరిశోధన మళ్లీ పుంజుకున్నది జపాన్‌లో. సైతో అత్సుకో బృందం పిల్లుల్ని ల్యాబ్‌కు తేవడం మానేసి వాటి ఇళ్లకే వెళ్లింది. కొత్త చోటుకు తెస్తే పిల్లికి టెన్షన్, ఇక పరీక్ష ఏం రాస్తుంది? నాలుగు మామూలు మాటలు వినిపించి, విసుగొచ్చి చెవి కదపడం మానేశాక దాని పేరు వినిపిస్తే మళ్లీ చెవి తిరిగింది. పిల్లికి తన పేరు తెలుసని 2019లో ప్రచురించారు. పిలిస్తే రావడం వేరు, వినడం వేరు. అత్త ఇన్నేళ్లూ అన్నది అదే.

అదే ఏడాది అమెరికాలోని ఆరెగన్‌లో ఇంకో పరీక్ష. యజమాని రెండు నిమిషాలు బయటికెళ్లి తిరిగొస్తే పిల్లికూనలు ఏం చేస్తాయని చూశారు. దాదాపు మూడింట రెండొంతులు మనిషి రాగానే కుదుటపడ్డాయి. పిల్లి ఇంటిది, కుక్క మనిషిది అని మనమంటాం. పాలమూరు నుంచి బొంబాయికీ పుణెకీ వలస పోయే కుటుంబాల వెంట కుక్క ఊరి చివర దాకా బస్సు వెనక పరుగెత్తడం అందరూ చూశారు. తాళం వేసిన ఇంటి కప్పు మీద పిల్లి ఏం చేసిందో చూడటానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

తీపి సంగతి కూడా చెప్పేస్తాను. చెప్పు తినే కుక్కకు చెరకు తీపి ఏం తెలుసంటారు. కుక్కకు తెలుసు. తెలియనిది పిల్లికి. తీపిని గుర్తించే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయిందని 2005లో బయటపడింది. బెల్లం ముక్క బహుమానం పెట్టి పిల్లిని పరీక్షించేవాడు సున్నా మార్కులు వేయాల్సింది తనకే.

మొన్న దసరాకు పోయినప్పుడు బుడాపెస్ట్ పరీక్ష అత్త వాళ్ల అరుగు మీద పెట్టాను. స్టీలు డబ్బాలో ఎండుచేప వేసి, చిల్లులు పొడిచిన మూత గట్టిగా బిగించాను. కుక్క రెండుసార్లు పంజాతో కొట్టి, మూడోసారి మామ ముఖంలోకి చూసింది. మామ నా వైపు చూశాడు, ఏమంటావ్ అన్నట్టు. పిల్లి వంతు వచ్చింది. అది చుట్టూ తిరిగి వాసన చూసి, డబ్బాను కాస్త దొర్లించి, అంచు దగ్గర గోరు పెట్టి, కుదరక పోయి పొయ్యి పక్కన బూడిదలో ముడుచుకుని పడుకుంది. ఎవరి ముఖమూ చూడలేదు. ఓడిపోయిందని మామ తేల్చేసి మంద దగ్గరికి పోయాడు.

పొద్దుగూకాక మంచినీళ్ల కోసం లోపలికి పోతే, డబ్బా బోర్లించి కడిగి ఉంది. పిల్లి మీసాలు తుడుచుకుంటోంది. అత్త మూత తుడుస్తూ, "దాని మొకం జూస్తె పానం ఒప్పలేదురా" అంది.