డ్రిల్లింగ్ మట్టి: మా మావయ్య అపోహలు, రిగ్గు మీది వాస్తవాలు

మా శ్రీకాకుళంలో ఆయిల్ రిగ్గుల సందడి లేదు. నా డ్యూటీ కోనసీమలో: పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఆమదాలవలసలో. ఇంటికి రాగానే మావయ్య అడిగేది ఒకటే. "బావిలోంచి తీసిన మట్టి ఓ లారీ పంపకూడదేటి? పెరడు మెరక చేసుకుంటాను."

అపోహ: అది ఉత్త మట్టే కదా!

వాస్తవం: బావి తవ్వే మొనని బిట్ అంటాం. అది కొరికిన రాతిముక్కల్ని పైకి తేవడానికి లోపలికి మడ్ అనే చిక్కటి ద్రవం పంపుతాం. నీళ్లు, బెంటొనైట్ అనే బంకమన్ను, బరువు కోసం బరైటు అనే ఖనిజం కలిపిన మడ్ అయితే గొడవ తక్కువ. డీజిల్ లాంటి నూనెతో కలిపినదైతే ఆ ముక్కలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. పెరటికి తోలడం కుదరదు.

అపోహ: ఎండబెడితే నూనె ఎగిరిపోతుంది.

వాస్తవం: ఎగిరేది తేలిక నూనె, దానితో పాటు వాసన. ఒకసారి అలాంటి ముక్కల కుప్ప ఒకటి చేతికి పొడిపొడిగా తగిలింది, అందరూ ఎండిందనే అన్నారు. అందులోంచి కాస్త తీసి రిటార్ట్‌లో, అంటే నూనె, నీళ్లు ఎంతున్నాయో తేల్చే మూతపాత్రలో, వేడిచేశాం. ఆవిరి చల్లారి గాజుగొట్టంలోకి దిగింది: అడుగున నీళ్లు, పైన తేనెరంగు నూనె. అప్పటినుంచి నేను చేతిని నమ్మను. షేకర్ జల్లెడ, డ్రయ్యర్ దాటాక కూడా నూనె మిగిలితే వేడిచేసి ఆవిరిగా లాగాలి. చల్లార్చిన ఆ నూనె మళ్లీ మడ్‌లోకే పోతుంది. సముద్రంలో వదిలే ముక్కలకైతే మన దేశంలో పరిమితి కిలోకి 10 గ్రాముల నూనె.

అపోహ: బ్యాక్టీరియా చల్లితే అన్నీ తినేస్తుంది.

వాస్తవం: నూనె తింటుంది, అదీ నెలల తరబడి. పొలానికి చేసినట్టే దున్నాలి, తడి ఆరనివ్వకూడదు, నత్రజని, భాస్వరం వేయాలి. ఉప్పుని మాత్రం తినదు. అందరూ మరిచేది ఇదే. లోపలి షేల్ అనే బంకమట్టి రాయి ఉబ్బకుండా మడ్‌లో పొటాషియం క్లోరైడ్ లాంటి ఉప్పు కలుపుతాం. నూనె పూర్తిగా పోయినా ఆ ఉప్పు మిగిలితే మావయ్య చిక్కుడు పాదు బతకదు. లోహాలూ అంతే, ఏ సూక్ష్మజీవీ వాటిని మాయం చెయ్యలేదు.

అపోహ: సిమెంటు కలిపితే సరి.

వాస్తవం: కాలుష్యం పోదు, కదలకుండా ఉంటుందంతే. నీళ్లలో నానబెట్టి ఏం ఊరుతోందో చూడాలి.

అపోహ: ముక్కలు పోసే గోతికి అడుగున ప్లాస్టిక్ షీటు వేశాం, భయం లేదు.

వాస్తవం: షీటు అడుగునుంచి కాస్తుంది. వానొస్తే గొయ్యి పైనుంచి పొర్లుతుంది. 2018లో తిత్లీ తుఫాను వానలు చూసిన మనవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే గట్టుకి బాగా కిందే ఆపేసి నింపుతాం, వానాకాలానికి ముందే ఖాళీ చేయిస్తాం.

మావయ్య పెరడు ఇంకా పల్లంగానే ఉంది. ఎండాకాలంలో చెరువు పూడిక తోలించుకోమన్నాను.