ఆవకాయ జాడీలో ఉప్పు ఎక్కడ కరిగింది?

ఆవకాయ కలిపిన రోజు కాస్త నోట్లో వేసుకుంటే ఉప్పు పలుకులు పంటికి తగులుతాయి. మూడో రోజు తిరగకలిపే సరికి అవి ఉండవు. జాడీ నిండా నూనే కనిపిస్తుంది కాబట్టి అందులోనే కరిగాయనుకుంటాం. నిజానికి అవి కరిగింది ముక్కల్లోంచి దిగిన ఊటలో. అనుమానంగా ఉంటే గిన్నెలో వట్టి నూనె పోసి, చెంచాడు ఉప్పు వేసి గంటసేపు కలిపి చూడండి. చెయ్యి నొప్పి పుడుతుంది, ఉప్పు మాత్రం అడుగునే కూర్చుంటుంది.

ఉప్పు పలుకులో ఉండేవి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు. ధనావేశమున్న సోడియం అయాన్లు, రుణావేశమున్న క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. 58 గ్రాముల ఉప్పును పూర్తిగా విడివిడి అయాన్లుగా చేయాలంటే సుమారు 787 కిలోజౌళ్లు కావాలి. అంత శక్తితో రెండున్నర లీటర్ల చన్నీళ్లు మరిగే దాకా కాచుకోవచ్చు! మరి గ్లాసు నీళ్లలో పొయ్యి కూడా వెలిగించకుండా ఎలా కరుగుతోంది?

నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఆక్సిజన్ వైపు నుంచి సోడియంను, హైడ్రోజన్ల వైపు నుంచి క్లోరైడ్‌ను నీటి అణువులు చుట్టుముడతాయి. అప్పుడు దాదాపు 783 కిలోజౌళ్లు తిరిగొస్తాయి. మిగిలిన లోటు నీటిలోని వేడి నుంచే తీరుతుంది. అందుకే ఉప్పు కరిగాక నీళ్లు రవ్వంత చల్లబడతాయి. లోటున్నా కరగడానికి కారణం, బందీగా ఉన్న అయాన్లకు నీళ్లంతా తిరిగే స్వేచ్ఛ దొరకడం. నూనె అణువులకు అయాన్లను అలా పట్టుకునే కొసలు లేవు.

నీటికీ నూనెకీ మధ్యరకం ద్రావణులూ, అంటే కరిగించుకునే ద్రవాలూ, ఉన్నాయి. గది వేడిమి దగ్గర 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరిగితే, అంతే మిథనాల్ అనే ఆల్కహాల్‌లో గ్రామున్నర లోపే. ఇథనాల్ అనే మరో ఆల్కహాల్‌లో 0.1 గ్రాము కూడా కరగదు.

నాకు అన్నిటికన్నా సరదాగా అనిపించేది అసిటోన్, అదే గోళ్ల రంగు తుడిచే ద్రవం. అందులో మన ఉప్పు దాదాపు కరగదు, దాని చుట్టమైన సోడియం అయొడైడ్ మాత్రం బాగా కరుగుతుంది. చిన్నదైన క్లోరైడ్‌కు నీటి హైడ్రోజన్ల ఆసరా గట్టిగా కావాలి, అసిటోన్ అది ఇవ్వలేదు. అయొడైడ్ పెద్దది, దాని ఆవేశం పలచగా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ ఆసరా లేకపోయినా సర్దుకుంటుంది. 1910లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ ఫింకెల్‌స్టైన్ ఈ తేడానే వాడుకున్నాడు. కర్బన పదార్థంలోని క్లోరిన్‌ను తీసి అయొడిన్ పెట్టాలంటే, దాన్ని అసిటోన్‌లో సోడియం అయొడైడ్‌తో కలపాలి. బయటికొచ్చిన క్లోరైడ్ సోడియంతో కలిసి ఉప్పుగా అడుక్కి దిగిపోతుంది, చర్య వెనక్కి మళ్లే దారి మూసుకుపోతుంది.