వీపు వెనక నుంచి జగ్లింగ్: అపోహలు, వాస్తవాలు

కుడిచేత్తో బంతిని వీపు వెనకకు తీసుకెళ్లి, ఎడమ భుజం మీదుగా ముందుకు విసిరి, ఎడమచేత్తో అందుకోవాలి. మళ్లీ ఎడమ నుంచి కుడికి అలాగే. ప్రతి త్రో ఇలా వెళ్తే దాన్ని బ్యాక్‌క్రాస్ అంటాం. బంతులను ఎగరేస్తూ పట్టుకునే జగ్లింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మూడు బంతులు చక్కగా ఆడించేవాళ్లు కూడా దీని జోలికి రావడానికి జంకడం చూస్తుంటే బాధేస్తుంది. ఆ జంకుకు కారణం చాలావరకు ఈ మొదటి అపోహే.

అపోహ: మెరుపువేగం ఉన్నవాళ్లకే సాధ్యం.

లెక్క వేసి చూడండి. బంతిని నడుము దగ్గర వదులుతాం, అది భుజం దాటాలి. అంటే దాదాపు 60 సెంటీమీటర్లు పైకి లేవాలి. అంత ఎత్తు వెళ్లి తిరిగి నడుము దగ్గరికి దిగడానికి సుమారు 0.7 సెకను పడుతుంది. మూడు బంతుల కాస్కేడ్‌ను, అంటే బంతులు ముందువైపు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ వెళ్లే మామూలు పద్ధతిని, ఇంతకంటే తక్కువ ఎత్తులోనూ ఆడించొచ్చు. అలాంటి తక్కువ ఎత్తు కాస్కేడ్‌తో పోలిస్తే బ్యాక్‌క్రాస్‌లో చేతికి దొరికే వ్యవధే ఎక్కువ. బంతి కంటికి కనబడని ఆ కాసేపట్లో కంగారుపడి తర్వాతి బంతిని ముందే వదిలేస్తాం. అక్కడే లయ చెడుతుంది.

ఐదు బంతులకు వచ్చేసరికి కథ మారుతుంది. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ స్వయంగా జగ్లర్. బంతి గాల్లో ఉండే సమయం, చేతిలో ఉండే సమయం, చేయి ఖాళీగా ఉండే సమయం ఎలా ముడిపడి ఉంటాయో ఆయన ఒక సూత్రంలో చెప్పాడు. చేయి వెనక్కి వెళ్లిరావడానికి ఐదోవంతు సమయం అదనంగా పట్టిందనుకోండి. మిగతా సమయాలూ అదే నిష్పత్తిలో పెరిగితే ఎత్తు 1.44 రెట్లు కావాలి, ఎందుకంటే ఎత్తు సమయం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముందువైపు మీటరు ఎత్తు సరిపోయేవాళ్లు వెనక నుంచి దాదాపు మీటరున్నర విసరాలి. ఎత్తు పెరిగేకొద్దీ మణికట్టులో చిన్న తేడా వచ్చినా బంతి ఒక అడుగు దూరంగా పడొచ్చు.

అపోహ: భుజం రబ్బరులా వంగాలి.

చొక్కాను వెనకవైపు దోపుకోగలిగినంత దూరం చేయి వెళ్తే చాలు. అసలు కీలకం దానికి ముందు పట్టే క్యాచ్‌లో ఉంది. బంతిని ఛాతీ ముందు పట్టుకుంటే చేయి ముందు కిందికి దిగి, ఆ తర్వాత వెనక్కి తిరగాలి. తుంటి పక్కన, కిందుగా పట్టుకుంటే ఆ ఊపులోనే వెనక్కి జారుతుంది. నడుము మాత్రం ముందుకు వంచొద్దు. వంచితే బంతి వీపుకు తగులుతుంది, లేదా వెనకే పడిపోతుంది.

అపోహ: చేయి బంతిని వదలడం చూడాలి.

చూడలేం, అవసరమూ లేదు. ఎదురు భుజం పైన బంతి ఎక్కడ ప్రత్యక్షమవుతుందో అక్కడ చూపు నిలపండి. ఒక్క బంతితో రెండువైపులా సాధన చేసి, తర్వాత కాస్కేడ్ మధ్యలో ఒక్కటి వెనక నుంచి పంపండి. దానికి ముందు త్రో కాస్త ఎత్తుగా ఉండాలి. ఆపైన కుడిచేయి మాత్రమే వెనక నుంచి, ఎడమచేయి మామూలుగా. నా దృష్టిలో ఇంతకు మించిన అభ్యాసం లేదు.

అపోహ: మూడు తర్వాత నాలుగు, ఆ తర్వాత ఐదు.

బ్యాక్‌క్రాస్‌లో ప్రతి త్రో అవతలి చేతికి వెళ్తుంది కాబట్టి మూడు, ఐదు, ఏడు సహజంగా కుదురుతాయి. చేతులు మార్చి మార్చి ఒకే ఎత్తులో విసిరితే నాలుగోది ఇమడదు. ఒక చేయి ఎత్తుగా, రెండోది తక్కువగా విసిరితే సాధ్యమే, కానీ అది వేరే సాధన.

అపోహ: ఎక్కువసేపు ఆడితే అదే రికార్డు.

అమెరికన్ జగ్లర్ ఆంథొనీ గాటో 2006లో ఐదు క్లబ్బులను (సీసా ఆకారపు జగ్లింగ్ కర్రలను) 45 నిమిషాల 2 సెకన్లు ఆడించాడు. అది మామూలు పద్ధతిలో సాధించిన రికార్డు. బ్యాక్‌క్రాస్‌లో ఎక్కువగా క్యాచ్‌లే లెక్కపెడతారు. ఒక్కో బంతిని ఒక్కోసారి విసిరి పట్టుకుంటే ఫ్లాష్, రెండేసిసార్లయితే క్వాలిఫై. ఐదు బంతులకు 5, 10 క్యాచ్‌లు, ఏడింటికి 7, 14. మధ్యలో ఒక్క త్రో ముందు నుంచి వెళ్లినా అది పూర్తి బ్యాక్‌క్రాస్ వరస కాదు. ప్రయత్నాన్ని వీడియో తీసేటప్పుడు కెమెరాను ఎదురుగా పెడితే చేయి బంతిని వదిలే చోటు శరీరం చాటున పడుతుంది. పక్కగానో వెనకగానో పెట్టి, బంతులు ఎక్కే శిఖరం కూడా ఫ్రేమ్‌లో పడేలా చూసుకోండి.