సిగరెట్ ప్రకటనల గురి ఎప్పుడూ కుర్రాళ్ల మీదే

సిగరెట్ వ్యాపారంలో ఒక చిక్కుంది. పాత ఖాతాదారులు ఏటా తగ్గిపోతూనే ఉంటారు, కొందరు మానేస్తారు, చాలామందిని ఆ సిగరెట్టే తీసుకుపోతుంది. ఆ ఖాళీని ఎవరితో నింపాలి? ముప్పై దాటాక కొత్తగా పొగ మొదలుపెట్టేవాళ్లు అరుదు. అమెరికాలో రోజూ తాగే పెద్దవాళ్లలో పదింట దాదాపు తొమ్మిది మంది 18 ఏళ్లలోపే మొదటి సిగరెట్ రుచి చూసినవాళ్లు. అంటే కుర్రాళ్లు దొరక్కపోతే ఈ వ్యాపారానికి రేపు లేదు. ప్రకటనల చరిత్ర అంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

మొదలు 1880లలోనే పడింది. జేమ్స్ బోన్‌సాక్ సిగరెట్లు చుట్టే యంత్రం కనిపెట్టాడు, పొగాకు వ్యాపారి జేమ్స్ డ్యూక్ దాన్ని పట్టుకుని గుట్టలకొద్దీ తయారుచేశాడు, ఇక అమ్మడమే మిగిలింది. పెట్టెలో సిగరెట్లు నలగకుండా ఒక అట్టముక్క పెట్టేవారు కదా, దాని మీద నటీమణుల బొమ్మలు, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేశారు. పిల్లలు ఎగబడ్డారు. సెట్ పూర్తి కావాలంటే అదే బ్రాండ్ పెట్టెలు మళ్లీ మళ్లీ కొనాలి, లేదా ఇంట్లో పెద్దవాళ్లతో కొనిపించాలి.

టీవీ వచ్చాక పని ఇంకా సులువైంది. 1960లో మొదలైన ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్‌కి విన్‌స్టన్ సిగరెట్లు స్పాన్సర్. భార్యలు పెరట్లో చెమటోడుస్తుంటే ఫ్రెడ్, బార్నీ ఇంటి వెనక్కి జారుకుని హాయిగా దమ్ము కొట్టే యాడ్ ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. అది రాత్రిపూట పెద్దల కోసం వేసిన షో అని వాదించేవాళ్లున్నారు. సరే, కార్టూన్ వస్తుంటే పిల్లలు పక్కగదిలో లెక్కలు చేసుకుంటున్నారనా?

1964లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యుడు) నివేదిక పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం తేల్చి చెప్పింది. చట్టం మీదకు రాకముందే కంపెనీలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నాయి: యాడ్స్‌లో కనిపించేవాళ్లకు కనీసం 25 ఏళ్లుండాలి, అలాగే కనిపించాలి అని. తర్వాత చట్టం రానే వచ్చింది, 1971 జనవరి 2 నుంచి అక్కడి టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. జనవరి 1 ఎందుకు కాదంటే, ఆ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్‌లున్నాయి, ఆ ఒక్కరోజు యాడ్ల డబ్బునూ వదులుకోవడం టీవీ సంస్థలకు ఇష్టం లేదు! ఆగిన డబ్బు పత్రికలకు, రోడ్డు పక్క హోర్డింగులకు, రేసు కార్లకు, టెన్నిస్ కోర్టులకు మళ్లింది.

ఇదంతా మన ఊహ కాదు, వాళ్ల కాగితాల్లోనే ఉంది. నేటి టీనేజరే రేపు రోజూ కొనే ఖాతాదారు కాగలడు అన్న అర్థంలో సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ అంతర్గత నివేదిక 1981లో రాసుకుంది. పోయినవాళ్ల స్థానంలో వచ్చేది కుర్ర పొగరాయుళ్లు మాత్రమేనని మరో సిగరెట్ కంపెనీ ఆర్.జె. రేనాల్డ్స్ పత్రం 1984లో లెక్కలతో సహా చెప్పింది. కోర్టు కేసుల పుణ్యమా అని ఇవి తర్వాత బయటపడ్డాయి.

ఆ పత్రం వచ్చిన నాలుగేళ్లకే అదే కంపెనీ అమెరికాలో జో కేమెల్‌ని దింపింది. నల్లకళ్లద్దాలు, నోట్లో సిగరెట్, చేతిలో బిలియర్డ్స్ కర్రతో ఒక కార్టూన్ ఒంటె. పెట్టెతో వచ్చే కూపన్లు దాచుకుంటే టోపీలు, టీషర్టులు ఇచ్చేవారు. 1991లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అందర్నీ కుదిపేసింది: ఆరేళ్ల పిల్లల్లో నూటికి 91 మంది ఆ ఒంటెను సిగరెట్ బొమ్మతో సరిగ్గా జతచేశారు, దాదాపు మిక్కీ మౌస్‌ని గుర్తుపట్టినంత మంది. ఆరేళ్లంటే ఇంకా పాలపళ్లు ఊడుతున్న వయసు. మేం పిల్లల కోసం చెయ్యలేదన్నది కంపెనీ మాట. కేసుల ఒత్తిడితో 1997లో ఒంటెను తప్పించారు, మరుసటి ఏడాది 46 రాష్ట్రాలతో సిగరెట్ కంపెనీలకు కుదిరిన భారీ ఒప్పందంలో కార్టూన్లు, హోర్డింగులు, బ్రాండ్ పేరున్న బట్టలు అన్నీ పోయాయి.

అదే ఏడాది ఫిలిప్ మోరిస్ పిల్లలకు పొగ వద్దని చెప్పే ప్రచారం కూడా మొదలుపెట్టింది. అది చూసిన పిల్లల్లో సిగరెట్ మీద మొగ్గు ఇంకాస్త ఎక్కువగా ఉందని తర్వాతి పరిశోధనలో తేలింది. నాకైతే ఆశ్చర్యం లేదు. ఇది పెద్దవాళ్ల పని, నీకొద్దు అని పదిహేనేళ్లవాడికి చెప్పడం కన్నా పెద్ద ఆహ్వానం ఏముంటుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చి, ప్రకటనలను, స్పాన్సర్‌షిప్‌లను పూర్తిగా ఆపాలని సభ్యదేశాలకు చెప్పింది. అప్పటికి ఫోన్లలో ఇన్‌స్టాగ్రామ్ లేదు. 2015లో జూల్ అనే ఈ-సిగరెట్ వచ్చింది, చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, మామిడి, పుదీనా ఫ్లేవర్లు, రంగురంగుల నేపథ్యంలో గెంతుతున్న కుర్ర మోడళ్లు, ఊరికే పంచిపెట్టే పార్టీలు, మిగతా ప్రచారం సోషల్ మీడియాలో పిల్లలే చేసిపెట్టారు. 2018 చివర్లో, అమెరికా సర్జన్ జనరల్ దీన్ని పిల్లల్లో మహమ్మారి అని ప్రకటించిన నెలలోనే, మార్ల్‌బరో సొంతదారు ఆల్ట్రియా 1,280 కోట్ల డాలర్లు పెట్టి జూల్‌లో 35 శాతం వాటా కొనుక్కుంది.

2022లో ముప్పైకి పైగా రాష్ట్రాలతో జూల్ రాజీకొచ్చింది, దాదాపు 44 కోట్ల డాలర్లు. షరతుల్లో మళ్లీ కార్టూన్లు వద్దన్నారు, యాడ్స్‌లో కనిపించేవాళ్ల వయసును ఈసారి 35కి పెంచారు. అప్పటికే అక్కడి బడిపిల్లలు జూల్‌ని వదిలేసి పఫ్ బార్ లాంటి వాడి పారేసే ఈ-సిగరెట్లకు మారిపోయారు.